కొత్త బెజ్జం

బెంచీ చుట్టూ వదిలేసి పోయిన ఇనుప ప్లేట్లను రామచంద్రం ఒక్కొక్కటిగా ర్యాకుకు తగిలిస్తున్నాడు. ఒకప్పుడు చేతికొకటి పట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతూ నడిచేవాడు. కొన్నాళ్లుగా ఒక్కటే, రెండు చేతులతో, పొట్టకు ఆనించుకుని మోస్తున్నాడు. అదీ జిమ్ములో ఎవరూ లేనప్పుడే. ఎవరైనా లోపలికి వస్తే ప్లేటును ఉన్నచోటే వదిలి, భుజం మీది గుడ్డ తీసి అద్దం తుడుస్తాడు. వాళ్లు ట్రెడ్‌మిల్ ఎక్కి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాక మళ్లీ వంగుతాడు.

ర్యాకు దగ్గరికి చేరేసరికి వీపులో ఎడమ రెక్క కింద పట్టేసింది. ప్లేటు తగిలించి, ఇనుప స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరిచి గాలి పీల్చాడు. కాసేపటికి వదిలింది. వదులుతుందని అతనికి తెలుసు. నడిస్తే పట్టుకుంటుంది, ఆగితే వదిలేస్తుంది. వయసులో ఉన్నప్పుడు చేవెళ్ల జాతరలో ఒక పహిల్వాన్ అతన్ని ఎత్తి ఈ భుజం మీదే పడేశాడు. ఆనాటి దెబ్బ అరవై నాలుగో ఏట లేచిందని రామచంద్రం తీర్మానించుకున్నాడు. రాత్రిళ్లు భార్య సక్కుబాయి చేత నువ్వులనూనె రుద్దించుకుంటున్నాడు.

జిమ్ము కొత్తగూడ ఫ్లైఓవర్ వెనక అపార్టుమెంట్ల క్లబ్‌హౌస్ కింద, సెల్లారులో ఉంది. అపార్టుమెంటు సంఘం లెక్కలో రామచంద్రం హౌస్‌కీపింగ్ మనిషి. తుడవడం, సర్దడం, తాళం వేయడం అతని పని. అక్కడ ఉండేవాళ్లకు మాత్రం అతను ఉస్తాద్.

కొత్తగూడ ఊరుగా ఉన్న రోజుల్లో అక్కడొక కుస్తీల తాలింఖానా ఉండేది. రామచంద్రం మీసాలు రాకముందే అందులో దిగాడు. కుస్తీలు పట్టినన్నాళ్లు పట్టాడు. ఒక జాతరలో వెండి కడెం గెలిచాడు. పెళ్లయ్యాక కుస్తీ అన్నం పెట్టలేదు. మాదాపూర్‌లో రాళ్లు కొట్టాడు, సిమెంటు బస్తాలు మోశాడు, తాను బస్తాలు మోసిన బిల్డింగులకే కాపలా కాశాడు. తాలింఖానాను కూల్చి దుకాణాలు కట్టిన రోజు వెళ్లి, గోదాలోంచి ఇంత ఎర్రమట్టిని స్టీలు డబ్బాలో వేసుకుని వచ్చాడు. ఆ డబ్బా ఇప్పుడు జిమ్ము అల్మారాలో ఫినాయిల్ సీసాల వెనక ఉంటుంది.

నస పట్టి నరం బిగుసుకున్నా, మెడ తిరగకపోయినా, కాలు బెణికినా అపార్టుమెంటు వాళ్లు అతని దగ్గరికి వస్తారు. రామచంద్రం డబ్బా మూత తీసి, మట్టిని ముట్టుకుని కళ్లకు అద్దుకున్నాకే వాళ్ల ఒంటి మీద చెయ్యి వేస్తాడు. పైసలు తీసుకోడు. పైసలు తీసుకున్న చేతిలో పని నిలవదని అతనికి నేర్పిన ఉస్తాద్ చెప్పాడు.

ఫోను మోగింది. సక్కుబాయి.

“మన వేణుగాడు పదకొండింటికి బండి తీస్కొని నీ గేటు కాడికొస్తడు. దవాఖానల చీటీ గూడ రాయించిండు. ఇయ్యాల ఎగ్గొడితే మంచిగుండదు, చెప్తున్న.”

“నస వట్టిన దానికి దవాఖాన ఏందే? ఎంతమంది నసలు తీసిన నేను.”

“మందియి తీసినవ్. నీ ఈపు నీ చేతికి అందుతదా?”

రామచంద్రం ఎడమ భుజం ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

“పహిల్వాన్ దవాఖానకు వోయిండని తెలిస్తే ఈడ నా దగ్గరికి ఇగ ఎవలొస్తరు?” అన్నాడు.

“రాకుంటే రాకపోనీ. నువ్వుంటె సాలు,” అని ఆమె ఫోను పెట్టేసింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. రామచంద్రం గుడ్డ తీసుకుని అద్దం వైపు తిరిగాడు. వచ్చింది శేషగిరి. అతని దగ్గర అద్దం తుడవాల్సిన పని లేదు కాని చెయ్యి అలవాటుగా తుడిచింది.

శేషగిరి సి బ్లాకులో ఉంటాడు. మాదాపూర్‌లో ఒక కంపెనీలో మేనేజరు. కాకినాడలో కాలేజీ రోజుల్లో బరువులెత్తి పతకం తెచ్చుకున్నాడు. ఇప్పుడు యాభైకి దగ్గర పడుతున్నాడు. ఈ అపార్టుమెంటులోకి వచ్చిన వారంలోనే జిమ్ముకొచ్చి, పతకం వచ్చిన రోజు ఎత్తిన బరువు ఎంతో రామచంద్రానికి చెప్పాడు. ఆ బరువు తగ్గకూడదని అప్పటి నుంచీ అతని పట్టుదల. ఏటా పుట్టినరోజున అంతే ఎత్తి చూసుకుంటాడు. నిన్నటి రోజు అతని పుట్టినరోజు. ఎత్తాడు. రాడ్డు కింద పెట్టాక చాలాసేపు నేల మీద కూర్చున్నాడు.

చేతిలో తోలు బెల్టు ఉంది. బరువులెత్తేటప్పుడు నడుముకు కట్టుకునేది.

“ఉస్తాద్ గారూ, ఓ బెజ్జం కొట్టి పెట్టాలండీ,” అన్నాడు గొంతు తగ్గించి, జిమ్ములో ఇంకెవరూ లేకపోయినా. “వానలకి తోలు కుంచించుకుపోయిందండీ. చివరి బెజ్జానికి కూడా రావట్లేదు.”

“తోలు గుంజుకపోయిందా సారు, కడుపు ముంగటికొచ్చిందా?”

“మీరూ అలాగే అనండి. ఇంట్లో మా ఆవిడ శ్రీలత ఒకత్తి చాలదన్నట్టు.”

రామచంద్రం నవ్వి కుడిచెయ్యి పైకెత్తాడు. వెండి కడెం మణికట్టు నుంచి జారి మోచేతి వైపు పోయి ఆగింది. కడెం లోపలి వైపు ఎర్రదారం చుట్టి ఉంది. “సబ్బు రాస్తే గాని ఎక్కకపోతుండె ఒకప్పుడు. ఇప్పుడు మా ఇంటామె దారం సుట్టింది, జారి పడకుంట. నీది గట్ల, నాది గిట్ల.”

“నా బెల్టు మీకు, మీ కడెం నాకు ఇచ్చేసుకుంటే సరిపోద్దండీ,” అన్నాడు శేషగిరి. ఇద్దరూ నవ్వారు.

రామచంద్రం అల్మారాలోంచి మేకు, సుత్తి తీశాడు. బెల్టును చెక్క స్టూలు మీద పరిచి, చివరి బెజ్జం నుంచి బొటనవేలితో కొలిచి, మేకు నిలబెట్టాడు. రెండు దెబ్బలకు దిగింది. మేకును గుండ్రంగా తిప్పి లాగాడు. తోలు పీచు బెజ్జం అంచున లేచి నిలబడింది.

శేషగిరి బెల్టు అందుకోబోయి చెయ్యి మధ్యలో ఆపాడు. ఎడమ భుజాన్ని కుడిచేత్తో పట్టుకున్నాడు.

“ఏమైంది సారు?”

“రాత్రి నుంచి లాగుతోందండీ ఇక్కడ. ఉండుండి దవడ దాకా వస్తోంది. శ్రీలత క్లినిక్‌కి వెళ్దామని గోల. నిన్నటి బరువేనంటారా?”

“కూసోండ్రి.”

శేషగిరి బెంచీ మీద కూర్చుని టీషర్టు విప్పాడు. రామచంద్రం డబ్బా మూత తీసి మట్టిని ముట్టుకున్నాడు, కళ్లకు అద్దుకున్నాడు. అరచేతుల్లో నూనె పోసుకుని రాసుకున్నాడు. బొటనవేలితో మెడ కింద నుంచి రెక్క దాకా నొక్కుకుంటూ పోయాడు. ఒకచోట వేలి కింద గడ్డ తగిలింది. శేషగిరి అబ్బా అన్నాడు.

“ఇగో, దొరికింది. నస వట్టింది. ఇదే దవడ దాంక గుంజుతున్నది.”

రుద్దాడు. చెయ్యి వెనక్కి తిప్పి, మోకాలు వీపుకు ఆనించి లాగాడు. ఎముక టప్పుమంది. శేషగిరి నుదుటి మీద చెమట పట్టింది. పైన ఏసీ నడుస్తోంది. అతను ఇంకా బరువులేవీ ముట్టలేదు. రామచంద్రం భుజం మీది గుడ్డ తీసి ఆ చెమట తుడిచాడు.

“ఎట్లున్నది?”

శేషగిరి లేచి చెయ్యి తిప్పి చూసుకున్నాడు. “సగం పోయిందండీ. మీ చేతిలో ఏదో ఉంది.”

“ఇయ్యాల బరువులు ముట్టకుండ్రి. సల్లనీళ్లు పోసుకోకుండ్రి. బెల్టు గూడ ఈడనే ఉండనియ్యిండ్రి, రేపు కట్టుకుందురు.”

రామచంద్రం బెల్టును గోడకున్న కొక్కేనికి తగిలించాడు. శేషగిరి మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

“ఆ కొత్త బెజ్జం సంగతి ఎవరికీ చెప్పకండే!”

ఎండెక్కేకొద్దీ జనం వచ్చారు, పోయారు. ఒకమ్మాయి ఫోనును నీళ్ల సీసాకు ఆనించి నిలబెట్టి, గుంజీలు తీస్తూ వీడియో తీసుకుంది. వెనకాల కనపడొద్దని చెబితే రామచంద్రం గోడవైపు జరిగాడు. ఎదురుగా అద్దంలో తన వీపు కనిపించింది. యూనిఫాం చొక్కా రెక్కల మీద వేలాడుతోంది. ఒకప్పుడు ఆ వీపుకు సరిపోయే చొక్కా కొత్తగూడ దర్జీ దగ్గర ఉండేది కాదు, బట్ట అతుకు వేసి కుట్టేవాడు. రామచంద్రం చూపు తిప్పుకున్నాడు.

పదకొండు కాకముందే కొడుకు వేణు వచ్చాడు. సెల్లారు కిటికీ లోంచి గేటు దగ్గర ఆగిన క్యాబు కనిపించింది. రామచంద్రం గేటు సెక్యూరిటీ మహేందర్‌కు ఫోను చేశాడు.

“మావోడు అడుగుతడు. నేను లేనని చెప్పు.”

“యాడికి వోయినవని చెప్పాలె?”

“సామాన్లు తేనీకి కొండాపూర్ వోయిండని చెప్పు.”

బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని, బల్ల మీద కూర్చున్నాడు. జేబులో ఫోను మోగి ఆగింది. మళ్లీ మోగి ఆగింది. పై నుంచి వేణు గొంతు, మహేందర్ గొంతు వినిపించాయి. తర్వాత బండి కదిలిన చప్పుడు. రామచంద్రం గడియ తీసి బయటికొచ్చేసరికి మహేందర్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

“కొడుకుతోని దాగుడుమూతలా ఉస్తాద్? పాపం, బుకింగు ఇడిసిపెట్టుకొని వచ్చిండు.”

“రేపు పోత తియ్యి.”

“పెద్ద పహిల్వానువు. సూదంటె భయమా?”

“నీ గేటు సూసుకోపో.”

మధ్యాహ్నం జిమ్ము ఖాళీ అయింది. రామచంద్రం కింద కూర్చుని టిఫిను డబ్బా విప్పాడు. జొన్నరొట్టె, గోంగూర. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. మహేందర్ మళ్లీ మెట్లు దిగి వచ్చాడు. ఈసారి టోపీ చేతిలో ఉంది. కింది మెట్టు మీద ఆగిపోయాడు.

“ఉస్తాద్. సి బ్లాక్ శేషగిరి సారు సచ్చిపోయిండంట.”

రామచంద్రం నములుతున్నవాడు ఆగాడు.

“ఏ శేషగిరి?”

“శేషగిరి సారే. నీ దగ్గరికి వచ్చే సారు.”

“పొద్దుగాల వచ్చిపోయిండు,” అన్నాడు రామచంద్రం. అది తప్పు కబురని తేల్చడానికి ఆ మాట చాలన్నట్టు అన్నాడు. “బెల్టు పెట్టి పోయిండు.”

మహేందర్ మెట్టు మీదే కూర్చున్నాడు. తనకు తెలిసింది చెప్పాడు. శేషగిరి కారు నడుపుకుంటూ ఆఫీసుకు చేరాడు. సెల్లారులో తన జాగాలో కారు పెట్టాడు. దిగలేదు. ఇంజను ఆపలేదు. ఏసీ నడుస్తోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి.

“ఆడ అందరు గట్లనే కూసుంటరంట కార్లల్ల, కాల్ అయ్యేదాంక. సెక్యూరిటీ పిలగాడు పక్కకెల్లి పోయిండు, వచ్చిండు, మల్ల పోయిండు. సారు కాల్‌ల ఉన్నడు, డిస్టర్బ్ చెయ్యొద్దు అనుకున్నడంట. ఆఖరికి ఎంతసేపైనా ఇంజను బంద్ కాలేదని అద్దం కొట్టిండు.”

రామచంద్రం చేతిలో రొట్టె ముక్క అలాగే ఉంది. దాన్ని డబ్బాలో పెట్టాడు. మూత పెట్టబోతే కుదరలేదు. తిప్పి పెట్టాడు, కుదరలేదు. అది నీళ్ల సీసా మూత. మహేందర్ లేచి అసలు మూత అందించాడు.

“దవాఖానల గుండె అన్నరంట,” అన్నాడు. “దినాం జిమ్ము చేసేటోడు. సిగరెట్ లేదు, మందు లేదు. గిట్లయితదా ఉస్తాద్?”

రామచంద్రం కుళాయి దగ్గరికి వెళ్లాడు. చేతులు కడుక్కున్నాడు. వాసన చూసుకున్నాడు. నువ్వులనూనె వాసన పోలేదు. సబ్బు రుద్ది మళ్లీ కడిగాడు. దారం తడిసి కడెం జారింది, సింకులో పడి టంగుమంది. దాన్ని తీయలేదు. నీళ్లు కడెం మీద నుంచి పోతూనే ఉన్నాయి.

గడ్డ ఉన్న మాట అబద్ధం కాదు. వేలి కింద తగిలింది. ఇప్పటికీ బొటనవేలికి అది గుర్తుంది. నొక్కితే శేషగిరి అబ్బా అన్నాడు. దవడ దాకా వస్తోందన్నాడు. చెమట పట్టింది. ఏసీ కింద చెమట. తాను చూశాడు. చూసి తుడిచాడు.

కుళాయి కట్టేసింది మహేందర్. కడెం తీసి రామచంద్రం జేబులో వేసిందీ అతనే.

అంబులెన్సు సైరన్ లేకుండా వచ్చింది. సి బ్లాకు కింద జనం చేరారు. ఆఫీసు వాళ్లు మెడలో బిళ్లలతో నిలబడ్డారు. రామచంద్రం పిల్లరు పక్కన ఆగాడు. స్ట్రెచర్ దింపారు. తెల్లగుడ్డ కింద పొట్ట ఎత్తుగా ఉంది. ఆ పొట్టను లోపలికి పట్టుకోవడానికి శేషగిరి అద్దం ముందు ఊపిరి బిగించడం రామచంద్రం రోజూ చూసేవాడు. ఇప్పుడు దాన్ని ఎవరూ బిగించడం లేదు.

స్ట్రెచర్ లిఫ్టులో పట్టలేదు. అపార్టుమెంటు వాళ్లు కింద హాల్లోనే బల్లలు కలిపారు. శ్రీలత ఇంట్లో కట్టుకున్న బట్టల్లోనే దిగి వచ్చింది. ఏడవడం లేదు. చుట్టూ చూసింది. పిల్లరు పక్కనున్న రామచంద్రం దగ్గరికి నేరుగా నడిచి వచ్చింది.

“ఉస్తాద్ గారూ, నేను అపాయింట్‌మెంట్ తీసుకున్నానండీ. తొమ్మిదింటికి. వద్దన్నారు. ఉస్తాద్ చెయ్యి పడింది, తగ్గిపోయింది అన్నారు. నవ్వుతూనే వెళ్లారు.” ఆగింది. “మీరు చూశారు కదండీ. మీరు చూసినప్పుడు బాగానే ఉన్నారు కదా?”

రామచంద్రం చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

“సెమట వట్టింది తల్లీ,” అన్నాడు. “నేను తుడిచిన. దవాఖానకు పొమ్మనాల్సి ఉండె. అనకపోతిని.”

“ఏంటండీ?” అంది శ్రీలత. విన్నదో లేదో తెలియలేదు. ఆమె ముఖంలో ఏమీ మారలేదు.

“నస అన్న. నస కాదది. నేను అనకపోతిని తల్లీ, దవాఖానకు పొమ్మని.”

ఆమె అతని ముఖం వైపే చూస్తూ నిలబడింది. లోపల ఎవరో కాళ్లు ఏ దిక్కుకు పెట్టాలని అడిగారు. పక్కింటామె వచ్చి శ్రీలత భుజాలు పట్టుకుని తీసుకుపోయింది. పోతూ శ్రీలత రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

రామచంద్రం సెల్లారు ర్యాంపు మీదుగా జిమ్ము వైపు నడిచాడు. సగం దారిలో రెక్క కింద పట్టింది. ఆగాడు. గోడకు చెయ్యి ఆనించాడు. ఈసారి వదలడానికి ఆలస్యమైంది. ఎడమచేతి కింది వైపు దాకా దిగింది. చేవెళ్ల జాతర గుర్తు చేసుకోబోయాడు. ఆ పహిల్వాన్ ముఖం రాలేదు. శేషగిరి నుదురు వచ్చింది. తన నుదురు తుడుచుకున్నాడు. అరచెయ్యి తడిగా వచ్చింది.

ర్యాంపు మీదే కూర్చుని ఫోను తీశాడు.

“యాడున్నవ్‌రా?”

“రాయదుర్గం కాడ. పొద్దుగాల యాడికి వోయినవే నాయినా? కొండాపూరా, గొట్టమా?”

“జిమ్ముల్నే ఉన్న. దాసుకున్న.”

అవతల వేణు బండి పక్కకు ఆపిన చప్పుడైంది.

“రా బిడ్డా. దవాఖానకు పోదాం. అమ్మను పక్కింటోళ్ల బండి మీద రమ్మను, నువ్వు సీదా ఈడికే రా.”

“ఏమైంది నాయినా?”

“నస కాదురా,” అన్నాడు రామచంద్రం.

మహేందర్ గేటు దగ్గరి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ర్యాంపు మీద వేశాడు. రామచంద్రం కూర్చున్నాడు. జన్మలో మొదటిసారి, ఇంకొకరు జబ్బ పట్టుకుంటే కూర్చున్నాడు. కుర్చీలోంచే జిమ్ము తలుపు కనిపిస్తోంది. తెరిచే ఉంది.

“తాళం నేనేస్త తియ్యి,” అన్నాడు మహేందర్. “లోపల ఏమన్న తీసేది ఉన్నదా?”

రామచంద్రం తలుపు వైపు చూశాడు. అల్మారాలో మట్టి డబ్బా ఉంది. వద్దని తల ఊపాడు.

“కొక్కేనికి సారు బెల్టున్నది,” అన్నాడు. “అది ముట్టకు. ఉండనియ్యి.”

ఫ్లైఓవర్ కింద నుంచి హారను కొట్టుకుంటూ వేణు బండి గేట్లోకి తిరిగింది. ఇద్దరూ కలిసి అతన్ని వెనక సీట్లో కూర్చోబెట్టారు. బండి పోయాక మహేందర్ లోపలికి వెళ్లి లైట్లన్నీ ఆర్పాడు. తలుపు వేయబోయి ఒకసారి చూశాడు. ఎవరి చెయ్యీ తగలకుండానే కొక్కేనికి బెల్టు సన్నగా ఊగుతోంది, ఏసీ గాలికి. చివరి బెజ్జం పక్కన ఇంకో బెజ్జం ఉంది. దాని అంచున తోలు పీచు లేచి నిలబడే ఉంది. బకిలు ముల్లు అందులో ఒక్కసారీ దిగలేదు.